'ఆల్ ఫర్ లవ్' 1677దా, 1678దా? ఒకే నాటకానికి రెండు సంవత్సరాలు ఎందుకు కనిపిస్తాయి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: యూజీసీ నెట్ ఇంగ్లీష్ సాహిత్యం పరీక్షకు కాలక్రమం ప్రశ్నలు సాధన చేస్తుంటే రెస్టొరేషన్ (1660లో ఇంగ్లండ్‌లో రాజరికం తిరిగొచ్చిన తర్వాతి కాలం) నాటకాల సంవత్సరాలు ఒక గైడుకూ ఇంకో గైడుకూ కలవడం లేదు. విచర్లీ 'ది ప్లెయిన్ డీలర్' ఒకచోట 1676, ఇంకోచోట 1677. డ్రైడెన్ 'ఆల్ ఫర్ లవ్' 1677 అని ఒకరు, 1678 అని ఒకరు. ఏది రాయాలి, అసలు ఆ 1677 చుట్టూ యూరప్ నాటకరంగంలో ఏం జరిగింది అని అడిగారు.

ముందు సూటి జవాబు. నాటకానికి తొలి ప్రదర్శన సంవత్సరం రాయండి, సంవత్సరం జనవరి 1న మొదలైనట్టు లెక్కపెట్టి. ఆ లెక్కన ప్లెయిన్ డీలర్ 1676, ఫ్రెంచ్ నాటకకర్త రసీన్ 'ఫేద్ర్' 1677, ఇంగ్లీష్ రచయిత్రి అఫ్రా బెన్ 'ది రోవర్' 1677, ఆల్ ఫర్ లవ్ 1677. అచ్చు సంవత్సరాలు అడిగితే వరుసగా 1677, 1677, 1677, 1678. మీ గైడుల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఒకటి స్టేజీ తేదీ ఇస్తోంది, ఇంకొకటి టైటిల్ పేజీ తేదీ ఇస్తోంది, ఏది ఇస్తున్నదో రెండూ చెప్పడం లేదు.

అయితే ఇక్కడ కలగాపులగమైపోయిన చిక్కులు రెండున్నాయి, వాటిని విడదీయాలి. ఆడిన ఏడాది, అచ్చయిన ఏడాది వేరు కావడం మొదటిది. ఇంగ్లండ్ క్యాలెండరు రెండోది. ఆల్ ఫర్ లవ్ విషయంలో చిక్కు కేవలం మొదటిదే. లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో కింగ్స్ కంపెనీ అనే నాటక బృందం దాన్ని 1677 డిసెంబర్ 12న ఆడింది. స్టేషనర్స్ రిజిస్టర్‌లో (లండన్ పుస్తక వ్యాపారుల సంఘం నమోదు పుస్తకంలో) నమోదైంది తర్వాతి జనవరి 31న. పుస్తకం మీద 1678 ఉంది. డిసెంబర్‌లో ఆడిన నాటకం జనవరి తర్వాత అచ్చుకు పోతే ఏడాది మారక తప్పదు, అందులో రహస్యం ఏమీ లేదు.

అచ్చు ఎందుకు ఆలస్యమవుతుందంటే, అప్పట్లో నాటకం మొదట కంపెనీ సొత్తు. కొత్త నాటకం ఆడిన మూడో రోజు వసూళ్లలో ఖర్చులు పోగా మిగిలింది రచయితది. ఆ తర్వాత ప్రతిని పుస్తక వ్యాపారికి అమ్ముకుంటాడు. లైసెన్సు, రిజిస్టర్, అచ్చు అన్నీ అయ్యేసరికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. 1670లలో ఈ ఎడం మామూలుగా ఏడాది లోపే. కాబట్టి సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య ఆడిన ఏ నాటకానికైనా రెండు సంవత్సరాలు కనిపించే అవకాశం ఉందని ముందే అనుకోండి. వేసవిలో ఆడినవీ దీన్నుంచి తప్పించుకోవు. బెన్ 'అబ్దెలాజర్' 1676 జూలైలో ఆడింది, అచ్చు 1677.

ఇక క్యాలెండరు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆనాటి ఇంగ్లండ్‌లో చట్టపరమైన కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మన ఉగాది లాగా కొత్త ఏడాది వసంతంలో వచ్చేది అనుకోండి. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు కాగితాల మీద పాత సంవత్సరమే నడిచేది. పంచాంగాల్లోనూ మామూలు జనం వాడుకలోనూ మాత్రం జనవరి 1 కొత్త సంవత్సరమే. అందుకే జాగ్రత్తగా రాసేవాళ్లు ఆ మూడు నెలలకు 1676/7 అని జంటగా రాసేవారు. 1752లో గానీ ఈ గొడవ చట్టబద్ధంగా తీరలేదు. స్కాట్లండ్ 1600 నుంచే జనవరి 1కి మారిపోయింది, దాని సంగతి వేరు.

దీని ఫలితం చూడండి. రోవర్ తొలి ప్రదర్శనగా నమోదైన తేదీ మార్చి 24. అంటే చట్టం లెక్కన పాత సంవత్సరం చివరి రోజు. ఆనాటి దస్తావేజు ప్రకారం అది 1676, మన లెక్క ప్రకారం 1677. మర్నాడు ఆడి ఉంటే ఈ తేడాయే లేదు.

ప్లెయిన్ డీలర్ ఇంకా తమాషా. 1677 నాటి మొదటి కూర్పు టైటిల్ పేజీ మీద అచ్చు అనుమతులు చూసే అధికారి రోజర్ లెస్ట్రేంజ్ ఇచ్చిన లైసెన్సు తేదీ 'జనవరి 9, 1676' అని ఉంటుంది. తొలి ప్రదర్శన నమోదైంది 1676 డిసెంబర్ 11న. ఇవి రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి, ఆడడానికి పదకొండు నెలల ముందే అచ్చుకు అనుమతి వచ్చిందనిపిస్తుంది. అలా కాదు. ఆ జనవరి 9 పాత పద్ధతిలో రాసిన 1676, అంటే మనకు 1677. ఆడిన నెల లోపే లైసెన్సు వచ్చింది, అంతే. దీనికి తోడు కొన్ని పాత సాహిత్య చరిత్రల్లో ఈ నాటకానికి 1674 అని కూడా కనిపిస్తుంది. తన నాటకాలు బాగా చిన్న వయసులోనే రాశానని విచర్లీ ముసలితనంలో చెప్పుకున్న మాటలు కవి అలెగ్జాండర్ పోప్ ద్వారా ప్రచారంలోకి వచ్చి, తేదీలను వెనక్కి లాగాయి. ఆ 1674ను పట్టించుకోకండి.

మీరే ఏదైనా తేదీ సరిచూసుకోవాలంటే ఈ వరుసలో పొండి. మొదట టైటిల్ పేజీ మీది సంవత్సరం. తర్వాత దాని మీదో లోపలో లైసెన్సు తేదీ ఉందేమో. అది జనవరి 1, మార్చి 24 మధ్య పడితే సంవత్సరానికి ఒకటి కలపాలా వద్దా అని ఆగి ఆలోచించండి. కళ్లు మూసుకుని కలపకూడదు, ఎందుకంటే కొన్నిచోట్ల జనవరి లెక్కే వాడి ఉంటారు. టైటిల్ పేజీ సంవత్సరంతోనూ ప్రదర్శన తేదీతోనూ పొసగే లెక్కనే తీసుకోవాలి. ఆ తర్వాత స్టేషనర్స్ రిజిస్టర్, పుస్తక వ్యాపారుల టర్మ్ క్యాటలాగులు. చివరగా 'ది లండన్ స్టేజ్' అనే ప్రదర్శనల పట్టిక, 1660–1700 సంపుటం. పరీక్షకు ఇంత అక్కర్లేదు గానీ పీహెచ్‌డీ అధ్యాయంలో తేదీ రాసేటప్పుడు ఇంత చేయాల్సిందే.

'తొలి ప్రదర్శన' అన్న మాటను కూడా కొంచెం అనుమానంగా చూడండి. లండన్‌లో తాను చూసిన నాటకాలను రాసిపెట్టుకున్న శామ్యూల్ పీప్స్ డైరీ 1669 మేతో ఆగిపోయింది. 1677 నాటికి ఏ రోజు ఏ నాటకం ఆడారో చెప్పే అలాంటి సాక్షి లేడు. పేపర్లలో రోజువారీ నాటక ప్రకటనలూ ఇంకా లేవు. మనకు మిగిలినవి ప్రధానంగా లార్డ్ చాంబర్లిన్ (రాజాస్థాన వ్యవహారాలు చూసే అధికారి) కార్యాలయం లెక్కలు. రాజు నాటకానికి వస్తే బాక్సుకు కంపెనీకి డబ్బు కట్టాలి గనక ఆ తేదీ రాసి పెట్టారు. కాబట్టి రోవర్‌కు మార్చి 24 అంటే రాజుగారి లెక్కల్లోకి ఎక్కిన రోజు అని అర్థం. అదే మొదటి రోజు కావచ్చు, ఒకటి రెండు రోజుల ముందే మొదలై ఉండనూవచ్చు. వ్యాసంలో 'తొలిసారి నమోదైన ప్రదర్శన' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇంకో చిన్న విషయం. ఫ్రాన్స్ అప్పటికే గ్రెగోరియన్ క్యాలెండరులో ఉంది, ఇంగ్లండ్ జూలియన్‌లో ఉంది. 17వ శతాబ్దంలో తేడా 10 రోజులు. 1677 ఫిబ్రవరి 12న లండన్‌లో సెడ్లీ 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' ఆడారు. 1677 ఫిబ్రవరి 12నే పారిస్‌లో తొమా కోర్నెయ్ 'ల ఫెస్తాఁ ద పియేర్' ఆడారు. ఒకే తేదీ, కానీ ఒకే రోజు కాదు. పారిస్‌లో అది శుక్రవారం. లండన్ ఫిబ్రవరి 12 వచ్చేసరికి పారిస్‌లో 22వ తేదీ, సోమవారం. రెండు దేశాల నాటకాలను నెలల స్థాయిలో పోల్చేటప్పుడు ఇది పెద్దగా అడ్డు రాదు. ఉత్తరాలు, వార్తలు ఎన్నాళ్లకు చేరాయని లెక్కగట్టేటప్పుడు మాత్రం కొంప ముంచుతుంది.

ఇప్పుడు ఆ ఏడాదిలో ఏం జరిగిందన్న మీ రెండో ప్రశ్నకు వస్తాను. నా ఉద్దేశంలో పరీక్షకైనా చదువుకైనా అసలు సరుకు ఇదే.

లండన్‌లో అప్పుడు లైసెన్సున్న కంపెనీలు రెండే. డ్రూరీ లేన్‌లో కింగ్స్ కంపెనీ, డోర్సెట్ గార్డెన్‌లో డ్యూక్స్ కంపెనీ. 1671లో తెరిచిన డోర్సెట్ గార్డెన్ యంత్రాలతో, తెరలతో హంగుగా ఉండేది. డ్రూరీ లేన్ 1672లో కాలిపోయి 1674లో మళ్లీ తెరుచుకుంది, కంపెనీ అప్పుల్లో ఉంది. పిట్‌లో (స్టేజీ ముందు నేల భాగంలో) కూర్చోవడానికి రెండున్నర షిల్లింగులు, బాక్సుకు నాలుగు, పై గ్యాలరీకి ఒకటి. రెండు కంపెనీలకూ చాలినంత మంది ప్రేక్షకులు ఊళ్లో లేరు, అందుకే 1682లో రెండూ కలిసిపోయాయి. ఈ పోటీ గుర్తుంటే 1677 నాటకాల జాబితా దానంతట అదే అర్థమవుతుంది.

ఉదాహరణకు క్లియోపాత్రా. ఫిబ్రవరిలో డ్యూక్స్ కంపెనీ సెడ్లీ నాటకం ఆడింది, మొత్తం అంత్యప్రాసల ద్విపదల్లో (దీన్నే హీరోయిక్ కప్లెట్ అంటారు). అదే ఏడాది డిసెంబర్‌లో కింగ్స్ కంపెనీ డ్రైడెన్ నాటకం ఆడింది, అదే కథ, ప్రాస లేని బ్లాంక్ వర్స్‌లో. పది నెలల తేడాతో ఒకే ఇతివృత్తం రెండు ఛందస్సుల్లో. హీరోయిక్ కప్లెట్ నుంచి బ్లాంక్ వర్స్‌కు మారడం గురించి పేజీలకు పేజీలు చదివేకన్నా ఈ రెండు నాటకాల మొదటి అంకాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. సెడ్లీ పాత్రలు ప్రతి రెండు పాదాలకూ ఒకసారి వాక్యం ముగించాల్సి వస్తుంది, వాదించుకుంటున్నట్టే ఉంటుంది గాని మాట్లాడుకుంటున్నట్టు ఉండదు. డ్రైడెన్‌లో ఆంటొనీకీ అతని సేనాని వెంటీడియస్‌కూ మధ్య మొదటి అంకం సంభాషణ చూస్తే ప్రాస వదిలేశాక ఎంత చోటు దొరికిందో తెలుస్తుంది. ఆ సన్నివేశం అంతకుముందు తాను రాసిన వాటన్నిటికన్నా తనకు ఇష్టమని డ్రైడెనే ముందుమాటలో రాసుకున్నాడు. షేక్‌స్పియర్ శైలిని అనుసరిస్తున్నానని, అందుకే ప్రాసను దించుకున్నానని చెప్పిందీ అక్కడే.

కానీ 'ఆల్ ఫర్ లవ్‌తో ప్రాస నాటకం ముగిసింది' అని రాయకండి. ప్రాస మీద విసుగును డ్రైడెన్ 1675 నవంబర్‌లో ఆడిన 'ఔరంగ్-జేబ్' ప్రోలోగ్‌లోనే చెప్పేశాడు. చెప్పినా ఆ నాటకం ప్రాసలోనే ఉంది. చేసి చూపించింది నథానియెల్ లీ. 'ది రైవల్ క్వీన్స్' 1677 మార్చి 17న అదే డ్రూరీ లేన్‌లో, ఎక్కువ భాగం బ్లాంక్ వర్స్‌లో. అంటే డ్రైడెన్ కన్నా తొమ్మిది నెలలు ముందు. ఆ రెండింటిలోనూ నాయకుడి వేషం చార్లెస్ హార్ట్‌దే, లీ నాటకంలో అలెగ్జాండర్, డ్రైడెన్‌లో ఆంటొనీ. మరోవైపు అదే ఏడాది జనవరిలో అదే థియేటర్‌లో జాన్ క్రౌన్ 'ది డిస్ట్రక్షన్ ఆఫ్ జెరూసలేం' రెండు భాగాలూ ప్రాసలోనే ఆడి బాగా నడిచాయి. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండు పద్ధతులూ పక్కపక్కనే. మార్పు ఒక్క నాటకంతో జరగలేదు.

(ఔరంగ్-జేబ్ మాట వచ్చింది కనుక: ఆ నాటకానికి ఆధారం ఫ్రెంచ్ వైద్యుడు బెర్నియే యాత్రా రచన. లండన్‌లో దాన్ని ఆడుతున్నప్పుడు అసలు ఔరంగజేబు సింహాసనం మీదే ఉన్నాడు, గోల్కొండ ఇంకా కుతుబ్‌షాహీల చేతిలోనే ఉంది. బతికున్న పాదుషా గురించి రాసిన నాటకం అది. నాటకంలోని ఔరంగజేబు తండ్రికి విధేయుడైన ఆదర్శ కుమారుడు! చరిత్ర కోసం చదవకండి.)

డ్రైడెన్ విషయంలో ఇంకో తేదీ చిక్కు ఉంది. 'ది స్టేట్ ఆఫ్ ఇన్నొసెన్స్', అంటే మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్'ను ప్రాసలో ఒపేరాగా మార్చిన రచన. 1674లో రిజిస్టర్ అయింది, 1677లో అచ్చయింది, స్టేజీ ఎక్కనే లేదు. దీనికి 'తొలి ప్రదర్శన' సూత్రం పనిచేయదు, అచ్చు సంవత్సరమే రాయాలి. తప్పులతడకగా వందలకొద్దీ రాత ప్రతులు చేతులు మారుతున్నాయి గనక అచ్చు వేయిస్తున్నానని అతను ముందుమాటలో చెప్పాడు.

రోవర్ దగ్గర కాస్త ఆగాలి. నెట్‌లో దీని మీద ప్రశ్నలు రాక మానవు. కార్నివాల్ రోజుల్లో నేపుల్స్‌లో జరిగే కథ. థామస్ కిల్లిగ్రూ 'థొమాసో' అనే పది అంకాల, ఆడని నాటకాన్ని (అచ్చు 1664) తీసుకుని ఐదు అంకాలకు కుదించి తిరగరాసింది. మొదటి కూర్పు 1677లో పేరు లేకుండా వచ్చింది, ప్రోలోగ్ రచయితను పురుషుడిగానే ప్రస్తావిస్తుంది. మూడో విడతలో గానీ టైటిల్ పేజీ మీద ఆమె పేరు పడలేదు. కాపీ కొట్టిందన్న ఆరోపణకు జవాబుగా చివర ఒక అనుబంధం రాసింది. తాను దొంగిలించిందల్లా ఏంజెలికా ఇంటి ముందు వేలాడే బొమ్మ ఒక్కటేనని అందులో అంటుంది. ఈ మాట పూర్తిగా నమ్మొద్దు. కథా సామగ్రి, సంభాషణ ముక్కలు కిల్లిగ్రూవి చాలానే ఉన్నాయి. ఆమె సొంత పని వాటిని కూర్చిన తీరులోను, హెలీనా, ఏంజెలికా పాత్రలకు ఇచ్చిన బరువులోను ఉంది. విల్మోర్‌గా విలియం స్మిత్, బెల్విల్‌గా బెటర్టన్, హెలీనాగా ఎలిజబెత్ బ్యారీ వేశారు. రెండో భాగం 1681లో వచ్చింది. ఒట్టి 'రోవర్' అని ఉంటే మొదటి భాగమే.

ఇక పారిస్. 1677 జనవరి 1, శుక్రవారం, ఓటెల్ ద బుర్గోన్‌లో రసీన్ ఫేద్ర్ (ఇంగ్లీష్ పుస్తకాల్లో 'ఫీడ్రా'గా చదువుకునేది). ప్రధాన పాత్ర వేసింది షాంమెలే అనే నటి. రెండు రోజులకే, జనవరి 3 ఆదివారం, పోటీగా గెనెగో థియేటర్‌లో ప్రాదోన్ అదే కథతో రాసిన నాటకం. ఇక్కడ ఒక పెద్ద ఉచ్చు ఉంది: రెండు నాటకాలకూ అప్పటి పేరు ఒక్కటే, 'ఫేద్ర్ ఎ ఇపొలిత్'. రెండూ అదే ఏడాది అదే పేరుతో అచ్చయ్యాయి. రసీన్ నాటకం ఒట్టి 'ఫేద్ర్' అయింది 1687 సంకలనంలోనే. ఆనాటి ఉత్తరంలోనో సమీక్షలోనో 'ఫేద్ర్ ఎ ఇపొలిత్' అని కనిపిస్తే రచయిత ఎవరో చూసుకోకుండా రసీన్‌కు అంటగట్టకూడదు. కథలోనూ తేడా ఉంది. ప్రాదోన్‌లో ఫేద్ర్ ఇంకా రాజు తేసే భార్య కాదు, పెళ్లి నిశ్చయమైన స్త్రీ మాత్రమే. సవతి కొడుకు ఇపొలిత్ మీద మోహం అన్న ఇబ్బందిని అలా తప్పించాడు, దాంతోపాటే నాటకంలోని ప్రాణమూ పోయింది.

ప్రాదోన్ వెనక బుయోన్ డచెస్ వర్గం ఉంది. రసీన్ నాటకాన్ని ఎగతాళి చేస్తూ మదాం దెజూలియేర్ రాసిందని చెప్పే సానెట్ ఊరంతా తిరిగింది. అది బుయోన్ డచెస్ అన్న నెవేర్ డ్యూక్ రాసిందనుకుని రసీన్ వైపువాళ్లు అవే ప్రాసలతో అతని కుటుంబాన్ని తిడుతూ జవాబు వదిలారు. దానికి మళ్లీ అవే ప్రాసలతో, రసీన్‌నూ అతని మిత్రుడైన కవి బ్వాలోనూ కర్రలతో కొట్టిస్తామన్న బెదిరింపు సానెట్ వచ్చింది. రాజబంధువులైన కోందే వంశం అండ దొరికాక గానీ గొడవ సద్దుమణగలేదు. ప్రత్యర్థులు రెండు థియేటర్లలోనూ బాక్సులన్నీ కొనేసి రసీన్‌వి ఖాళీగా ఉంచారన్న కథ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అది చాలా తర్వాత, రసీన్ కొడుకు లూయీ రాసిన జ్ఞాపకాల వంటి వాటి ద్వారా ప్రచారమైంది. గెనెగో థియేటర్ లెక్కల పుస్తకాలు మిగిలాయి, ఓటెల్ ద బుర్గోన్‌వి మిగలలేదు. అంటే ప్రాదోన్‌కు ఏ రోజు ఎంత వసూలైందో చూడవచ్చు, రసీన్‌కు చూడలేం. అందుకే 'ఫేద్ర్ మొదట ఘోరంగా ఫ్లాపైంది' అని గైడుల్లో ధీమాగా రాసే వాక్యానికి ఆధారం లేదు.

ఆ తర్వాత రసీన్ జూన్ 1న పెళ్లి చేసుకున్నాడు, అదే ఏడాది బ్వాలోతో కలిసి పద్నాలుగో లూయీకి ఆస్థాన చరిత్రకారుడయ్యాడు. మళ్లీ నాటకం 1689లో 'ఎస్తేర్'. ఫేద్ర్ దెబ్బకు విరక్తి చెంది మానేశాడని చెప్పడం తేలిక. కానీ రాజు చరిత్ర రాయడం అంటే ఆ రోజుల్లో నాటకకర్త ఊహించలేనంత పెద్ద మెట్టు. పబ్లిక్ థియేటర్‌కు రాస్తూ ఆ పదవిలో ఉండడం కుదిరే పని కాదు. నాకైతే ఈ కారణమే ఎక్కువ బలంగా కనిపిస్తుంది.

రెండు నగరాలనూ కలిపే దారం ఒకటుంది, చాలామంది గమనించరు. ఆల్ ఫర్ లవ్ ముందుమాటలో డ్రైడెన్ ఫ్రెంచ్ నాటకాల మర్యాదలను వెక్కిరిస్తూ ఇపొలిత్‌ను ఉదాహరణగా తెచ్చాడు. సవతి తల్లి తప్పును తండ్రికి చెప్పడం మర్యాద కాదని చావుకైనా సిద్ధపడే హీరో పిచ్చివాళ్లకూ మూర్ఖులకూ తప్ప సాధ్యం కాడని అతని ఎత్తిపొడుపు. ఫేద్ర్ పారిస్‌లో అచ్చయింది 1677 మార్చిలో. ఏడాది తిరిగేసరికి లండన్‌లో దాని మీద విమర్శ అచ్చులో ఉంది. రెండు నాటకాల తేదీలూ తెలిసినవాడికే ఈ వాక్యం ఎంత తాజా దెబ్బో అర్థమవుతుంది.

'ల ఫెస్తాఁ ద పియేర్' గురించి ఒక హెచ్చరిక. మోలియేర్ వచనంలో రాసిన 'దొం జువాన్' 1665 ఫిబ్రవరి 15న ఆడింది, కొద్దివారాలకే ఆగిపోయింది, 1682లో గానీ అచ్చు కాలేదు, అదీ కత్తిరింపులతో. 1677లో ఆడింది తొమా కోర్నెయ్ పద్యంలోకి మార్చి, ఘాటు తగ్గించిన పాఠం. మోలియేర్ భార్య కోరిక మీద రాశాడు. తర్వాత 1841 వరకు ఫ్రాన్స్‌లో స్టేజీ మీద జనం చూసింది ఈ పద్యపాఠాన్నే. కాబట్టి పాత ప్రదర్శనల జాబితాలో మోలియేర్ పేరుతో ఈ నాటకం కనిపించినా మాటలు కోర్నెయ్‌వని గుర్తుంచుకోండి. ఈ తొమా, 'ల సిద్' రాసిన పియేర్‌కు తమ్ముడు. ఇద్దరినీ కలిపేయడం కూడా తరచూ జరుగుతుంది.

లూలీ సంగీతంతో కినో రాసిన ఒపేరా 'ఇసిస్' జనవరి 5న సాఁ-జెర్మాఁ రాజభవనంలో ఆడారు. అసూయతో రగిలే జూనో దేవత పాత్రలో రాజుగారి ప్రియురాలు మదాం ద మోంతెస్పాన్‌ను చూశారు జనం. దాంతో కినో సుమారు రెండేళ్లు లూలీకి రాయలేకపోయాడు, ఆ లోటు తీర్చింది మళ్లీ తొమా కోర్నెయే.

చివరిగా, టైటిల్ పేజీ అబద్ధం చెప్పే, లేదా నిజం దాచే సందర్భాలు. 1677లో ఇవి మూడున్నాయి. స్పెయిన్‌లో నాటకకర్త కాల్డెరాన్ నాటకాల 'ఐదో భాగం' అతని అనుమతి లేకుండా వచ్చింది. అదే ఏడాది తన మతనాటకాల సంపుటాన్ని స్వయంగా మాడ్రిడ్‌లో అచ్చు వేయిస్తూ, ఆ ఐదో భాగం మాడ్రిడ్‌లో అచ్చయి బార్సిలోనా పేరు పెట్టుకుందనీ, అందులోని పది నాటకాల్లో నాలుగు తనవి కావనీ ముందుమాటలో దులిపేశాడు. ఇంగ్లండ్‌లో కవి ఆండ్రూ మార్వెల్ 'పోపరీ' (రోమన్ కాథలిక్ మతాన్ని తిడుతూ వాడిన మాట) మీద రాసిన రాజకీయ కరపత్రం మీద 'ఆమ్‌స్టర్‌డామ్, 1677' అని ఉంటుంది. ఊరి పేరు బూటకం, రచయిత పేరు లేదు. ప్రభుత్వం అచ్చువేసినవాళ్లను పట్టిస్తే బహుమతి ప్రకటించింది. హాలండ్‌లో తత్వవేత్త స్పినోజా ఫిబ్రవరి 21న చనిపోయాక, అదే ఏడాది చివర 'ఎథిక్స్' సహా అతని రచనలు వచ్చాయి. పేజీ మీద బి.డి.ఎస్. అన్న పొడి అక్షరాలు, సంవత్సరం తప్ప ఊరు లేదు, ప్రచురణకర్త లేడు. ఇలాంటి వాటికి గ్రంథసూచిలో ఊరు రాయాల్సి వస్తే చదరపు బ్రాకెట్లలో పెట్టండి.

పరీక్ష హాల్లో ఏం చేయాలంటే: నాలుగు నాటకాలనూ ఒకే కొలతతో కొలవండి, ఒకదానికి ప్రదర్శన, ఇంకోదానికి అచ్చు తీసుకోకండి. ప్రదర్శన వరుస ఇది: ది కంట్రీ వైఫ్ (1675 జనవరి), ఔరంగ్-జేబ్ (1675 నవంబర్), ది మ్యాన్ ఆఫ్ మోడ్ (1676 మార్చి), ప్లెయిన్ డీలర్ (1676 డిసెంబర్), రైవల్ క్వీన్స్, రోవర్ (రెండూ 1677 మార్చి), ఆల్ ఫర్ లవ్ (1677 డిసెంబర్). అచ్చు వరుస తీసుకున్నా వీటి ముందువెనకలు దాదాపు మారవు, ఔరంగ్-జేబ్, మ్యాన్ ఆఫ్ మోడ్ రెండూ 1676లో పడి సమానమవుతాయి, ప్లెయిన్ డీలర్, రైవల్ క్వీన్స్, రోవర్ మూడూ 1677లో పడతాయి. జత కలిపే ప్రశ్నలో ప్లెయిన్ డీలర్‌కు 1676, 1677 రెండూ ఆప్షన్లుగా ఇస్తే ముందు మిగతా మూడు జతలు తేల్చుకోండి. ప్రశ్న తయారుచేసినవారు ఏ కొలత వాడారో వాటిని బట్టే బయటపడుతుంది: ఆల్ ఫర్ లవ్‌కు 1678 ఇచ్చారంటే అచ్చు లెక్క, అప్పుడు ప్లెయిన్ డీలర్‌కు 1677 పెట్టండి.